అరచేయి కిందికి

మా బాపు నాకు ప్రార్థన నేర్పకముందే దెబ్బలు తినడం నేర్పాడు.

మొన్న కామారెడ్డి సంతలో ఈ సంగతి మళ్ళీ గుర్తొచ్చింది. ఉల్లిగడ్డల బండి దగ్గర ఇద్దరు మనుషులు మాటామాటా పెంచుకుని కలబడ్డారు. కింద పడ్డవాడు వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, తనను కొడుతున్నవాడి ముఖంలోకి చూస్తున్నాడు. అన్నీ తప్పులే. "మెడ గుంజుకో, నాలుక లోపల పెట్టుకో, పక్కకు తిరుగు" అన్నాను, నాకు తెలియకుండానే, గట్టిగానే. పక్కన కొత్తిమీర అమ్ముకునే ఆమె నా తెల్లచీరనూ చేతిలోని పరిశుద్ధ గ్రంథాన్నీ ఎగాదిగా చూసింది. ఇంతలో జనం పడి వాళ్ళను విడిపించారు. నేను మాత్రం ఇల్లు చేరేదాకా మా బాపు గొంతు వింటూనే ఉన్నాను.

ఆ పాఠం మా వాకిట్లో జరిగేది. బాపు పచ్చి చింతబరికె పట్టుకుని నా ఎదురుగా నిలబడేవాడు. నా ఒంటి మీద ఒక్కసారి కూడా వేయలేదు. బరికె నా చెవి పక్కనుంచి గాలిని కోసుకుంటూ పోయేది.

"దెబ్బ యాడ పడ్తదో చూడకు బిడ్డా. చెయ్యి లేచుడు చూడు. చెయ్యి లేచినప్పుడే నీకు తెల్వాలె, గది యాడికొస్తదో."

"కండ్లు మూసుకోవాల్నా బాపు?"

"మూసుకోకు. పండ్లు కర్సుకో. నాలుక నడుమల పెట్టకు, తెగుతది. మోచేతులు పక్కటెముకల మీదికి తే. కింద పడ్తే ముడుసుకొని పక్కకు పండు."

అవ్వ, అంటే మా అమ్మ, చాటలో జొన్నలు చెరుగుతూ గొణిగేది. "ఆడివిల్లకు గీ ఇద్దె ఎందుకయ్యా? రొట్టె కొట్టుడు నేర్పరాదు?"

"ఆడివిల్లకే ఎక్కువ పనికొస్తది."

"మరి తిరిగి కొట్టుడు నేర్పవా బాపు?" అని ఒకనాడు అడిగాను.

ఆయన బరికె కింద పెట్టి నా ముందు కూర్చున్నాడు. "గది ఎవలు నేర్పేదుండది బిడ్డా. అదే వస్తది. ఆపుకునుడే నేర్సుకోవాలె. నాకింక రాలే."

మా పల్లె ఎల్లారెడ్డికి కొంచెం అవతల. ఊళ్ళో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. జహాజోడు అనేవారు. జహాజంటే ఓడ. సముద్రం ఎట్లుంటుందో ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు వెట్టి మోయలేక పారిపోయి, కామారెడ్డి స్టేషన్లో బొంబాయి పోయే బండెక్కి, రేవులో తాళ్ళు లాగే ఖలాసిగా చేరి, చివరికి ఇంగ్లీషు సర్కారువారి యుద్ధపు ఓడల్లో నేవీ మనిషి అయ్యాడు. తల నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. ఇంతకు మించి ఆయన చరిత్ర నాకు తెలియదు. ఆయన చెప్పినవన్నీ ముక్కలే, అవీ అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. సముద్రం అవతల, బస్రా దగ్గర నదిలో ఒడ్డునుంచి తుపాకులు కాలిస్తే, పక్కన నిలబడ్డ దోస్తు తల పగిలి ఆ నెత్తురు తన నోట్లో పడిందనీ, ఉమ్మడానికి కూడా చుక్కాని చక్రం మీది చెయ్యి తీయలేదనీ చెప్పేవాడు. ఇంజను ఆవిరి తగిలి వీపు తోలు బనీనుతో పాటు ఊడి వచ్చిందనీ చెప్పేవాడు. మిగతావాళ్ళు వాన సంగతి చెప్పినట్టు చెప్పేవాడు. అవ్వ చెవులు మూసుకునేది.

"అన్నం ముందట గా ముచ్చట్లేందయ్యా?"

"అన్నం దొరికినప్పుడే గవి యాదికొస్తయే."

తిండి మాత్రం నిలబడే తినేవాడు, కాళ్ళు ఎడంగా పెట్టి, మా గుడిసె ఊగుతుందేమో అన్నట్టు. పడుకునేది రెండు గుంజలకు కట్టిన గోనెపట్టలో. రోజూ తెల్లవారగానే వాకిలి మీద నీళ్ళు గుమ్మరించి, ఇసుక చల్లి, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దేవాడు. పేడతో అలికిన వాకిలి ఇసుకతో రుద్దితే ఏమవుతుంది? గుంటలు పడేవి. అవ్వ మళ్ళీ అలికేది, ఆయన మళ్ళీ రుద్దేవాడు. ఆ తగువు ఎన్నడూ తెగలేదు.

ఒక సన్న తాడు ఉండేది ఆయన దగ్గర, తారు వాసన కొట్టే ఓడ తాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, పాదం దగ్గరనుంచి నడినెత్తి దాకా ఆ తాడుతో కొలిచి, అక్కడ ఒక ముడి వేసుకుని పోయేవాడు. ఓడ మీద ఆ తాడు నడుముకు చుట్టుకుని పనిచేసేవాడట. రాత్రి విప్పి, చివరి ముడి పట్టుకుని, కింది కొస నేలకు ఆనించి చూసుకునేవాడట. "గింత ఉంటది నా బిడ్డ" అని తోటివాళ్ళకు చూపేవాడట. ఆ తాడు పొడుగు ఎక్కువ. "నువ్వు ఎంత పెరిగినా సరిపోతది" అనేవాడు.

ఆయన ప్రభువును ఎరిగింది బస్రా ఆస్పత్రిలో, వీపు కాలి బోర్లా పడుకుని ఉన్నప్పుడు. మా పల్లె సంఘం చాలా చిన్నది. మట్టిగోడల మీద కమ్మలు కప్పిన ప్రార్థన ఇల్లు, ఒక ఉపదేశి అయ్య, కొన్ని మాల మాదిగ కుటుంబాలు. అందరూ చెప్పులు విడిచి వంగి లోపలికి వెళ్ళేవారు. బాపు గడప దగ్గర ఆగి, మడమలు కలిపి, వెన్ను నిటారుగా పెట్టి, కుడిచెయ్యి నుదుటికి ఎత్తి సలాం పెట్టి అప్పుడు అడుగు లోపల పెట్టేవాడు.

ఉపదేశి అయ్య కొన్నాళ్ళు చూసి ఒక ఆదివారం అడిగాడు. "ప్రభువు ముందట వంగాలె గని, గట్ల నిక్కి నిలవడుడేందన్నా?"

"ఓడ ఎక్కేటప్పుడు సలాం పెట్టే ఎక్కాలె అయ్యా. గిది గూడ ఓడనే."

 గాలిని గద్దించి సముద్రాన్ని నిమ్మళపరచిన ప్రభువుకు ఓడవాని సలాం చేదు కాదని ఉపదేశి అయ్యకు తోచిందేమో, మళ్ళీ అడగలేదు.

ఆ సలాం నాకూ నేర్పాడు. "అరచెయ్యి కిందికుండాలె. పల్టన్ల సిపాయిలు పెట్టినట్టు ముందరికి చూపొద్దు."

"ఎందుకు?"

"తాళ్ళు గుంజి, తారు పూసి మా చేతులు నల్లగుంటయి. నల్లటి చెయ్యి పెద్దలకు చూపొద్దని కిందికి తిప్పుతం. ఇంకోటి గూడ ఉన్నది. సలాం తీస్కున్నాయన తిరిగి పెట్టాలె. కప్తానైనా సరే."

ఆ సలామే ఆయన మీదికి గడిని తెచ్చింది.

గడి అంటే మా ఊరి దొర ఇల్లు. ఎత్తైన గోడలు, పెద్ద దర్వాజా, బయట ఎత్తరుగు. దాని ముందునుంచి మా వాళ్ళెవరైనా పోవాల్సి వస్తే చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, రుమాలు తీసి, నడుము వంచి 'బాంచెన్ దొరా' అంటూ పోవాలి. సెలవులప్పుడు బాపు రాత్రిబండి దిగి చీకట్లోనే ఊరు చేరేవాడు. నేవీ చాలించుకుని వచ్చిన రోజు నేనూ అవ్వా కామారెడ్డి స్టేషనుకు పోయి ఆయన్ను తీసుకొచ్చాం. తెల్లబట్టలు, నల్లబూట్లు, భుజాన గోనెసంచి. ఊళ్ళోకి వచ్చేసరికి దొర అరుగు మీద పడకకుర్చీలో ఉన్నాడు. అవ్వ భయపడి బాపు చొక్కా గుంజింది.

"బూట్లిప్పయ్యా. వంగు."

బాపు ఒక్క క్షణం ఆలోచించాడు. ఇన్నేళ్ళకు ఊళ్ళోనే ఉండిపోవడానికి వచ్చాను, పెద్దమనిషి ఎదురుగా ఉన్నాడు, నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద మర్యాద ఈయనకు చేస్తాను అనుకున్నాడు. ఈ మాట తర్వాత తానే చెప్పాడు. సంచి దింపి, మడమలు కలిపి, చెయ్యెత్తాడు. నేను ఆయన ముఖం చూశాను. నవ్వుముఖం. పండుగ పూట ముఖం.

దొర కుర్చీలోంచి లేవలేదు. పక్కన నిలబడ్డ జవానును అడిగాడు. "వాడు నా మీద చెయ్యి లేపిండారా?"

"లేపిండు దొరా" అన్నాడు జవాను.

అక్కడే, దర్వాజా ముందర, తెల్లచొక్కా చింపారు. వీపు మీది పాత మచ్చలు చూసి జవాను "వీనికి ఇంతకుముందే ఎవడో పెట్టిండు" అంటే చుట్టూ నవ్వారు. బరికెలు విరిగితే కొత్తవి తెచ్చారు. నడుము వంచి మీద బండ పెట్టారు. బూట్లతో ఆయన నోటి మీదే కొట్టారు, ఆయన బూట్లతోనే. బాపు మెడ లోపలికి లాక్కున్నాడు, పళ్ళు బిగించాడు, ఒక్కో చెయ్యి లేవడం చూశాడు. అరవలేదు. అరవకపోవడమే వాళ్ళను ఇంకా రెచ్చగొట్టింది. అరిచింది నేను. అవ్వ నా నోరు తన అరచేత్తో మూసి, నా తల తన కడుపులోకి నొక్కుకుంది.

ఇంటికి మోసుకొచ్చాక, వాచిన పెదవులతో ఆయన అన్న మొదటి మాట ఇది. "తప్పు నాదేనే. తిరిగి సలాం పెట్టుడు తెల్వనోనికి పెట్టిన."

చింతబరికె పాఠాలు ఆ తర్వాత వారం మొదలయ్యాయి. వాటితో పాటే ఈత. పోచారం చెరువుకు తీసుకుపోయి, నడుము లోతు నీళ్ళలో నా వీపు కింద చెయ్యి పెట్టి, "శవం లెక్క ఉండు బిడ్డా. శవాన్ని నీళ్ళు ముంచయి" అనేవాడు. ఇంకా, ఒక్క చేత్తో వేసే ముడి. తాడు నడుము చుట్టూ తిప్పి, మణికట్టు ఒక్కసారి మెలితిప్పితే పడుతుంది. ఎంత బరువు పడినా బిగుసుకోదు, జారదు. ఓడ మీదనుంచి నీళ్ళలో పడ్డవాడు ఒక చేత్తో ఓడను పట్టుకుని రెండో చేత్తో వేసుకునే ముడి అది. కుడిచేత్తో వస్తే ఎడమచేత్తో వెయ్యమనేవాడు. ఎందుకో నాకు తెలియదు. ఆయనకు తెలుసునేమో.

కొన్నేళ్ళకు దొర బిడ్డ పెళ్ళి కుదిరింది, మెదక్ దిక్కు దొరలింటికి. ఆ ఇండ్లలో ఆడపిల్ల అత్తారింటికి పోతే వెంట మా వంటి ఇండ్ల పిల్లలను కూడా పంపేవారు, పట్టుచీరలతో ఇత్తడి బిందెలతో పాటు. వాళ్ళను ఆడబాపలనేవారు. పోయినవాళ్ళు తిరిగి రారు. వాళ్ళకు పెళ్ళి ఉండదు. పిల్లలు పుడతారు, ఆ పిల్లలకు తండ్రి పేరు ఉండదు. ఈసారి పోవాల్సినవాళ్ళలో నా పేరు దొర తన నోటితో చెప్పాడట. చెయ్యి లేపినవాడి బిడ్డ కదా.

ఆనాటి జవానే వచ్చాడు తీసుకుపోవడానికి. భుజం మీద ఇనుప పొన్ను కొట్టిన లావాటి కర్ర, గుతప. అవ్వ అతని కాళ్ళ మీద పడితే తన్నాడు. ఆమె గుంజకు తగిలి నుదురు పగిలింది. బాపు కదల్లేదు. నేను ఆయన వైపు చూశాను. చింతబరికె పట్టుకుని అన్ని నేర్పినవాడు చేతులు దించుకుని నిలబడ్డాడు. నా గుండెలో ఆయన చచ్చిపోయాడు అప్పుడు.

"ఏ తొవ్వల పోతరు?" అని మాత్రం అడిగాడు.

"పోచారం కట్ట మీదికెల్లి. ఏం, సాగనంపొస్తవా?"

"పెండ్లిబండి నడుమల ఆగదు గదా?"

"ఆగుతే అరిష్టం. నీకు ఓడలే తెల్సు, బండ్లు తెల్వయి" అని నవ్వాడు జవాను.

ఊళ్ళో కొట్లాడితే గూడెమంతా కాలుస్తారని ఆయనకు తెలుసు. ఊరి బయట, నీటి పక్కన, ఆగకూడని బండి వెనకాల అయితే ఒక్క మనిషితో సరిపోతుందనీ తెలుసు. నాకు ఏమీ తెలియదు. ఆయన్ను శపిస్తూ గడికి నడిచాను.

మరునాడు పొద్దెక్కేసరికి కట్ట మీద ఉన్నాం. ముందు సవారీ బండిలో పెళ్ళికూతురు, దాని చుట్టూ మనుషులు, వెనక సామాను బండ్లు, వాటి వెనక మేం పిల్లలం, అందరికన్నా వెనక జవాను. కట్టరాయి మీద గోచీతో, నడుముకు తాడు చుట్టుకుని, చేపల కోసం కూర్చున్నవాడిలా బాపు కనిపించాడు.

"ఏం జహాజోడా, సముద్రం యాదికొచ్చిందా?" అన్నాడు జవాను.

"నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్త. ఒక్క గడియ."

"నడువుబే."

బాపు లేచి నా దగ్గరికి వచ్చాడు. జవాను గుతప లేపాడు. బాపు కళ్ళు ఆ లేచిన చెయ్యి మీదే ఉండడం నేను చూశాను. దెబ్బ తలకు వస్తోంది. తలకు బదులు కుడిచెయ్యి ఇచ్చాడు. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు ఆగకముందే ఆయన ఎడమ పిడికిలి జవాను దవడ మీద పడింది. దవడ పక్కకు పోయింది, పళ్ళు రాళ్ళ మీద రాలాయి. జవాను వెల్లకిలా పడ్డాడు. బాపు అతని రొమ్ము మీద మోకాలు పెట్టి గొంతు పట్టుకున్నాడు. జవాను కళ్ళు తేలిపోతున్నాయి, మడమలు మట్టిని తవ్వుతున్నాయి. బాపు ముఖం చూశాను. అది నేను ఎరిగిన ముఖం కాదు. బస్రాలో పక్కవాని నెత్తురు నోట్లో పెట్టుకున్నవాని ముఖం.

"బాపు" అన్నాను.

వేళ్ళు వదిలాయి. 

ముందు బండ్ల దగ్గరనుంచి కేకలు లేచాయి. బాపు ఎడమచేత్తో నడుము తాడు లాగాడు. "చేతులు లేపు." తాడు నా చంకల కింద తిరిగింది, మణికట్టు ఒక్కసారి మెలి తిరిగింది, ముడి పడింది. రెండో కొస తన నడుముకు. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది, చర్మం కిందనుంచి ఎముక పొడుచుకుని. ఇద్దరం నీళ్ళలోకి దూకాం.

"శవం లెక్క ఉండు."

వెల్లకిలా ఈదాడు, ఒక్క చేత్తో, కాళ్ళతో. వెనకనుంచి రాళ్ళు పడ్డాయి. ఒకటి ఆయన నుదుటిని తాకింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన నోటినుంచి ఓడ మీది హుకుములు వస్తున్నాయి, హిందుస్తానీలో, ఎవరికి ఇస్తున్నాడో, తన కాళ్ళకేనేమో. నేను ఆకాశాన్ని చూస్తూ ప్రభువు పేరు తప్ప ఇంకేమీ తలచలేదు. రాళ్ళు ఆగాయి. పెళ్ళిబండి ఆగకూడదు కనుక మనుషులు దాని వెంట పరుగెత్తారు. కట్ట మీద జవాను ఒక్కడే మిగిలాడు, నోరు పట్టుకుని కూర్చుని.

అవతల అడవి. అక్కడినుంచి మెదక్ దిక్కున్న మిషనువాళ్ళ బోర్డింగు బడికి నడిపించాడు. బడి పెద్దమ్మ నన్ను లోపలికి తీసుకుంది. బాపు చెయ్యికి కట్టు కడతానంటే వద్దన్నాడు. నేనింకా ఆయన పంచె పట్టుకునే ఉన్నాను.

"అవ్వ ఆడ ఒక్కతే ఉన్నది" అని వెనక్కి నడిచాడు.

తానే గడికి పోయి, "పిల్ల నీళ్ళల్ల పోయింది" అని చెప్పాడు. దొర జవానును అడిగితే అతనూ ఆ మాటే చెప్పాడట, విరిగిన దవడతో, సైగలతో. బాపును మళ్ళీ కొట్టారు. ఈసారి రొమ్ము మీద. విరిగిన చెయ్యి పట్టించుకునేవాడు లేక వంకరగా అతుక్కుంది. మళ్ళీ నుదుటిదాకా ఎన్నడూ లేవలేదు.

ఊళ్ళో నేను చచ్చిపోయాను. సంఘం నా కోసం కూడి ప్రార్థన చేసింది. అవ్వ ఏడ్చింది. కడుపులో బాధ నిజమే కనుక ఆమెకు నటించే పనిలేకపోయింది. అవ్వకు, మా మేనమామకు తప్ప ఆ నిజం ఎవరికీ తెలియదు. ఏటా పంట కోతలు అయ్యాక చెరువు చుట్టూ నడిచి బాపు బోర్డింగుకు వచ్చేవాడు. గోడకు ఆనించి తాడుతో కొలిచేవాడు, ఎడమచేత్తో ముడి వేసేవాడు. దగ్గు మొదలైంది. రుమాలు నాకు చూపేవాడు కాదు.

ఒకసారి అడిగాను. "బాపు, సంస్కారం తీసుకుంటున్నవా?"

ప్రభువు బల్ల అంటే, సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆ సంస్కారమంటే, ఆయనకు ప్రాణం. ఆ రొట్టె ముక్క కోసం ముందునాటినుంచే ఉపవాసం ఉండేవాడు.

"లే."

"ఎందుకు?"

"దినాం అబద్ధమాడే నోరు బిడ్డా. గీ నోటితోని గా రొట్టె ఎట్ల తినాలె?"

"ఒప్పుకుంటే ప్రభువు క్షమిస్తడు గదా?"

"క్షమిస్తడు" అన్నాడు. తాడు చుట్టుకుంటూ, "ఒప్పుకుంటే నువ్వు పోతవు" అన్నాడు.

నేను వాక్యం చదువుకున్నదాన్ని, ఇన్నేళ్ళుగా స్త్రీల కూడికల్లో బోధిస్తున్నదాన్ని. అబద్ధాన్ని మంచిదనను. పిడికిలినీ మంచిదనను. కానీ తోటలో కత్తి దూసి ఒకని చెవి నరికిన శిష్యుణ్ణి ప్రభువు కత్తి ఒరలో పెట్టమన్నాడే గానీ పొమ్మనలేదు. తర్వాత మంద మేపమని అప్పగించింది కూడా అతనికే. మా బాపు తనను తానే బల్ల దగ్గరనుంచి వెళ్ళగొట్టుకున్నాడు. నా కోసం ఆ ఆకలితో ఏళ్ళ తరబడి గడప దగ్గర, చివరి వరుసలో, లేవని చెయ్యితో కూర్చున్నాడు. ప్రాణం ఇచ్చేవాళ్ళను చూశాను. ఆ బల్లనే ఇచ్చేసినవాళ్ళను ఇంకొకరిని చూడలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నేను అప్పటికి చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఒక మధ్యాహ్నం మేనమామ వచ్చి బోర్డింగు గేటు దగ్గర నిలబడ్డాడు.

"నెత్తురు కక్కిండు బిడ్డా. పొద్దుగాల పోయిండు."

నేను చీర కొంగు నడుముకు చెక్కుకున్నాను.

"అక్క నిన్ను రావొద్దన్నది. ఇంకోటి. సంఘం నేలల పెట్టనిస్తలేరు. బల్లకు రానోడు, సాక్ష్యం చెప్పనోడు, ఇశ్వాసం ఇడిసినోడు అంటున్నరు పెద్దలు. బయట పెట్టుమంటున్నరు."

"నేనొస్త."

"దొర మనుషులు చూస్తరు. ఈ వయసు పిల్లను వాళ్ళు ఇడువరు."

"మామా, ఆయన ఇశ్వాసం ఇడువలేదని చెప్పేటందుకు సాక్ష్యం నేనొక్కదాన్నే."

మరునాడు పట్టపగలు ఊళ్ళోకి నడిచాను. చెప్పులు విప్పలేదు. ప్రార్థన ఇంటి ముందు బాపును చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. పెద్దలు ఒక పక్క, అవ్వ ఒక పక్క. నన్ను చూసి ఒక ముసలామె కెవ్వుమంది. నేను గడప దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆయన బల్లకు ఎందుకు రాలేదో చెప్పాను. ఉపదేశి అయ్య తల మీది రుమాలు తీసి ముఖం కప్పుకున్నాడు. రుమాలు దించి, "గడ్డపారలు తేండ్రి. లోపలనే తవ్వాలె. నడుమల తవ్వాలె" అన్నాడు.

గుంట తయారైంది. దింపడానికి బాపు నడుము తాడే విప్పాను. ముడి నేనే వేశాను, ఎడమచేత్తో. మేనమామ కాళ్ళ వైపు వేరే తాడు పట్టుకున్నాడు. తల వైపు నాతో పట్టడానికి ఇంకొకరు కావాలి.

అప్పుడు జనం పక్కకు జరిగారు. గుతప భుజాన వేసుకుని జవాను వస్తున్నాడు. దవడ ఒక పక్కకు తిరిగి, చెంప లోపలికి గుంజుకుపోయి ఉంది. అవ్వ నా ముందుకు వచ్చి నిలబడింది. నేను ఆమెను పక్కకు జరిపాను. అతని చెయ్యి చూస్తున్నాను, లేస్తుందా అని.

"నీళ్ళల్ల పోయిన పిల్లవు గదా నువ్వు" అన్నాడు. మాట సరిగా పలకడం లేదు.

"అవు. నేనే."

"మీరు ఒడ్డెక్కుడు నేను చూసిన. చెప్తే నా తోలు దీస్తుండె దొర. పిల్లను పోనిచ్చినవని. గందుకే మునిగింది అన్న." గుంట వైపు చూశాడు. "నీ బాపు దెబ్బ గట్టిది పిల్లా. గీ ఇయ్యాల్టికి జొన్నరొట్టె నమలరాదు. అంబలే తాగుతున్న."



"ఇయ్యాల గూడ నేనేం చూడలే. పొద్దుగుంకక ముందే తొవ్వ పట్టు." గుతప నేల మీద పడేసి వచ్చి, నా పక్కన తాడు పట్టుకున్నాడు.

బాపు కిందికి దిగాడు. తాడు నా అరచేతిలోంచి జారుతుంటే ముడులు ఒక్కొక్కటే తగిలాయి. పొడుగ్గా ఉన్న నేను, పొట్టిగా ఉన్న నేను, అవ్వ చంకనున్న నేను. చివరి ముడి వేళ్ళు దాటింది. తాడు మొత్తం ఆయన మీద పడింది. నా చేతులు తారుతో నల్లబడ్డాయి.

మడమలు కలిపాను. చెయ్యి నుదుటికి ఎత్తాను, అరచేయి కిందికి పెట్టి.

జవాను నన్నే చూస్తున్నాడు. "గదేంది?"

"సలాం."

"ఆ దినం దొరకు పెట్టింది గిదేనా?"

"గిదే."

అతను నా చెయ్యిని చాలాసేపు చూశాడు. తన వంకర దవడ తడుముకున్నాడు.

"గింతేనా" అన్నాడు.